సున్నా కింద

"ఖాతాలో నాలుగు వందల చిల్లర ఉందమ్మా, అంతే" అన్నాడు కౌంటర్ వెనక కుర్రాడు.

కౌసల్యమ్మ నమ్మలేదు. అద్దం సందులోంచి పాస్‌బుక్కు మళ్ళీ లోపలికి తోసింది. "జీతం పడ్డదని నిన్ననే ఫోన్ల ఒచ్చింది గద బిడ్డా. జర మంచిగ చూడు. మొత్తం తీస్కుంట. దవాఖానకు పోవాలె."

"పడింది. చార్జీలకు కట్ అయిపోయింది. నెక్స్ట్!"

తప్పుకోమంటున్నాడని ఆమెకు తెలియలేదు. అద్దానికి అరచెయ్యి ఆనించి అక్కడే నిలబడింది. వెనకున్న వాళ్ళు విసుక్కున్నారు. కాసేపటికి చలువరాతి నేల మీద అట్లాగే కూలబడింది.

తోడు వచ్చిన యాదలక్ష్మి లైన్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఎల్బీ నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేస్తారు. ఇద్దరిదీ నల్గొండ జిల్లానే. యాదలక్ష్మికి నలభై దగ్గర పడుతున్నాయి. కౌసల్యమ్మ ఆమె కంటే పదిహేనేళ్ళు పెద్ద. కౌసల్యమ్మ భర్త బక్కయ్య పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్టు బాటసింగారానికి పోతే అతనూ దాని వెనకే పోయాడు. వారం కింద మామిడిపండ్ల లారీ మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సర్కారు దవాఖానలో చేర్చుకున్నారు. రాడ్డు బయట కొనుక్కొస్తే సోమవారమే ఆపరేషన్ చేస్తామన్నారు. మూడు నెలలుగా జీతం ఇవ్వని కాంట్రాక్టర్ ఉపేంద్ర ఎట్టకేలకు ఒక నెల జీతం వేశాడని తెలిసి, ఆ రాడ్డు కోసమే కౌసల్యమ్మ దిల్‌సుఖ్‌నగర్ సుగమ బ్యాంకుకు వచ్చింది.

గార్డు వచ్చి ఆమె రెట్ట పట్టుకున్నాడు. "లే, లే. ఇక్కడ కూర్చోవద్దు. కస్టమర్లు తిరుగుతారు."

"ఆమె ఎవలు మరి? కస్టమర్ గాదా?" అన్నది యాదలక్ష్మి.

గార్డు కౌసల్యమ్మను పైకి లాగాడు. చీర కొంగు ఊడి నేల మీద పడింది.

"ఆవిడ చెయ్యి వదలండి!" అని గట్టిగా ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. బ్యాగు వీపున వేసుకున్న ఆ పిల్ల లైను దాటి ముందుకొచ్చి గార్డుకూ కౌసల్యమ్మకూ మధ్య నిలబడింది. పేరు అలేఖ్య. తెనాలి నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో బ్యాంకు ఉద్యోగాల పరీక్షకే చదువుతోంది. తన స్కాలర్‌షిప్‌లోంచి ఎందుకు కోశారో అడుగుదామని ఆ రోజు తనూ అదే లైన్లో నిలబడింది.

గొడవకు మేనేజర్ మురళీకృష్ణ గదిలోంచి బయటికొచ్చాడు. మంచి మాటకారి. కౌసల్యమ్మకు కుర్చీ వేయించాడు, నీళ్ళు ఇప్పించాడు. తర్వాత కంప్యూటర్ చూసి నెమ్మదిగా చెప్పాడు.

"చూడండమ్మా. మీది శాలరీ ఖాతా. మూడు నెలలు జీతం పడకపోతే అది మామూలు ఖాతా అయిపోతుంది. మామూలు ఖాతాలో ఎప్పుడూ పదివేలు ఉండాలి. లేవు కాబట్టి జరిమానా. పైగా మీరు ఒక చిన్న లోను తీసుకున్నారు. దాని కిస్తీ వారం వారం మీ ఖాతాలోంచి పోవాలి. డబ్బు లేక ప్రతి వారం వెనక్కి పోయింది. వెనక్కి పోయినప్పుడల్లా ఇంకో జరిమానా. అన్నీ కలిపి మీ ఖాతా సున్నా కిందకి వెళ్ళింది. నిన్న జీతం పడగానే సిస్టమ్ ఆటోమేటిగ్గా కట్ చేసుకుంది. మనిషి చేసేది కాదమ్మా ఇది."

"మరి మనిషి చేసేదేంది సారూ ఈడ?" అన్నది యాదలక్ష్మి.

మురళీకృష్ణ ముఖం ముడుచుకుంది. "గట్టిగా మాట్లాడకండి" అన్నాడు. యాదలక్ష్మి గట్టిగా మాట్లాడలేదు. ఆ హాలులో అంతమంది ఉండి కూడా ఎవరూ మాట్లాడకపోవడం వల్ల అట్లా వినిపించింది.

* * *

ఆసుపత్రి సెల్లార్‌లో జనరేటర్ పక్కన పనివాళ్ళు బట్టలు మార్చుకునే గది ఉంది. మర్నాడు డ్యూటీ దిగినాక ఆడవాళ్ళంతా అక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. కౌసల్యమ్మ సంగతి విన్నాక ఎవరి ఖాతా వాళ్ళు చూసుకుంటున్నారు. ఒకామెకు మూడు వేలు పోయాయి. ఇంకొకామెకు అయిదు. కొందరికి మెసేజీలు ఇంగ్లీషులో వచ్చాయి గానీ అవి దేనికో తెలియక తుడిచేసుకున్నారు.

"లోను తీస్కునేటప్పుడు కౌసల్యక్కకు తెల్వదా? కట్టకపోతే ఊకుంటరా?" అన్నది నాగేశ్వరి. ఆమె మాట ఎప్పుడూ కొంచెం కరుకే.

"కట్టనీకే జీతమేది?" అన్నాడు మహిపాల్. అతను ఆ ఆసుపత్రిలోనే లిఫ్టు నడుపుతాడు. పెట్టి ఏడాది కూడా కాని యూనియన్‌కు సెక్రటరీ. "ఒకని చెయ్యి కట్టేసి, ఇంకొకడొచ్చి 'నువ్వు పని చేస్తలేవు' అని కొట్టినట్టుంది. జీతం ఆపినోడు కాంట్రాక్టరు. జీతం లేదని జరిమానా ఏసినోడు బ్యాంకోడు. ఇద్దరి నడుమ నలిగింది మనం."

"గా బ్యాంకుల ఖాతా తెరవమన్నదెవరు? నేనడిగిన్నా?" అన్నది ఇంకొకామె. "ఉపేంద్ర సారు సూపర్‌వైజర్ ఫోటోలు గుంజుకపోయి తెరిపిచ్చిండు. వద్దంటే పని లేదన్నడు."

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. కడుపులో ఇన్నాళ్ళు దాచుకున్న మాటలు. యాదలక్ష్మి మాత్రం మాట్లాడలేదు. ఆమె ఖాతాలోంచీ పోయాయి. కాని ఆమె కళ్ళ ముందు ఆ డబ్బు లేదు. చలువరాయి మీద పడిన కౌసల్యమ్మ చీర కొంగు ఉంది. ఆ కొంగును గార్డు బూటు తొక్కింది. ఆ పిల్ల అరవకపోతే తను ఏం చేసేది? ఏమీ చేసేది కాదేమో. ఆ ఆలోచనే ఆమెను కాల్చేస్తోంది.

"నేను కాంట్రాక్టర్ కాడికి పోత" అన్నది. "ఎవలొస్తరు?"

ముందు నలుగురు లేచారు. బయటికి వచ్చేసరికి ఇరవై మంది అయ్యారు.

ఉపేంద్ర ఆఫీసు ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర, ఒక టైల్స్ షాపు పైన. ఆరు ఆసుపత్రులకు, రెండు మాల్స్‌కు మనుషుల్ని సరఫరా చేస్తాడు. ఆయన కోపగించుకోలేదు. "ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. ఒక నెల వేశాను, మిగతాది వేస్తాను. బ్యాంకు కోసుకుంటే నన్నడిగితే ఎలాగమ్మా? బ్యాంకుకెళ్ళి అడగండి" అన్నాడు.

బ్యాంకుకు వెళ్ళారు. "జీతం వేయనిది ఆయన. ఆయన్నడగండి" అన్నాడు మురళీకృష్ణ.

మళ్ళీ ఎల్బీ నగర్. మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్. మెట్రో ఎక్కితే డబ్బులని షేర్ ఆటోల్లో, అవీ దొరక్కపోతే నడిచి. ఒక వారమంతా ఆ రెండు తలుపుల మధ్య చెప్పులరిగేలా తిరిగారు. ఈలోగా సోమవారం వచ్చింది, పోయింది. బక్కయ్యకు ఆపరేషన్ కాలేదు. కాలికి ఇటుక కట్టి మంచానికి వేలాడదీశారు.

"ఇద్దరినీ ఒక్కకాడ నిలబెట్టాలె. లేకపోతే మన బతుకంతా ఆటోలకే" అన్నాడు మహిపాల్.

* * *

అట్లాగే నిలబెట్టారు. ఒక మంగళవారం యాభై మంది ఆడవాళ్ళు యూనిఫాంలతోనే బ్యాంకు హాలులోకి వచ్చి కూర్చున్నారు. ఉపేంద్ర వచ్చేదాకా లేచేది లేదన్నారు. అలేఖ్య కూడా వచ్చింది. కౌసల్యమ్మ కూలబడిన రోజే ఆ పిల్ల యాదలక్ష్మి ఫోన్ నంబర్ తీసుకుని పోయింది. రోజూ ఫోన్ చేసి అడుగుతూనే ఉంది. మురళీకృష్ణ ఫోన్ మీద ఫోన్ చేస్తే, గంట తర్వాత ఉపేంద్ర చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. మేనేజర్ గది తలుపు తెరిచే ఉంచాలన్నాడు మహిపాల్. యాదలక్ష్మి, మహిపాల్, అలేఖ్య లోపలికి వెళ్ళారు. మిగతావాళ్ళు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

మేనేజర్‌కు ఓపిక అయిపోయింది. కస్టమర్లంతా చూస్తున్నారు, పై ఆఫీసు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఉపేంద్ర మీద విరుచుకుపడ్డాడు.

"మీరు జీతాలు వేయకపోవడం వల్లే కదండీ ఇదంతా! ఆసుపత్రి వాళ్ళు నెల నెలా మీకు డబ్బు వేస్తూనే ఉన్నారు. నా కళ్ళ ముందే పడింది మీ ఖాతాలో!"

ఉపేంద్రకు కూడా మండింది. "పడితే ఏం చేశారండీ మీరు? నా ఓడీ కింద లాగేసుకున్నారు. లిమిట్ దాటిపోయాను, కాస్త ఆగండి అన్నాను. 'రెండు మూడు నెలలు లేబర్ పేమెంట్ ఆపండి ఉపేంద్రగారూ, ఖాతా సర్దుకుంటుంది, లిమిట్ పెంచుతాను' అని సలహా ఇచ్చిందెవరు? నేనా?"

అన్న తర్వాత గానీ ఎవరెదుట అన్నాడో ఆయనకు గుర్తు రాలేదు. మురళీకృష్ణ బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దాడు. గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఓడీ అంటే ఏంది బిడ్డా?" అని యాదలక్ష్మి అలేఖ్యను అడిగింది.

"ఖాతాలో డబ్బు లేకపోయినా తీసుకోనివ్వడం ఆంటీ. అంటే ఖాతా సున్నా కిందకి వెళ్తుంది."

"అంటే సారు గూడ మా లెక్కనే సున్నా కింద ఉన్నడా?"

"అవును. ఇంకా చాలా కింద."

యాదలక్ష్మి మేనేజర్ వైపు తిరిగింది. "మరి సారుకు జరిమానా ఎంతేసిండ్రు?"

"అది వేరండీ" అన్నాడు మురళీకృష్ణ. "అది ఫెసిలిటీ. ఆయన బిజినెస్ చేస్తారు, వడ్డీ కడతారు. మీరు కలపకండి."

"నేను కలుపుతలేను సారూ, మీరే కలిపిండ్రు. ఆయన సున్నా కింద ఉంటే సౌలత్. మేం సున్నా కింద ఉంటే తప్పు. ఆయన్ని పైకి లేపనీకే మమ్ముల కిందికి దొబ్బిండ్రు. దొబ్బినందుకు మళ్ళ మాకే జరిమానా." ఏడుపు వస్తుందనుకున్నారందరూ. రాలేదు. "మా కౌసల్యక్క మొగడు కాలు ఏలాడేసుకోని పన్నడు సారూ. ఆయన కాలు మీ ఓడీల పోయింది."

అప్పుడు అలేఖ్య మాట్లాడింది. "సార్, కనీస నిల్వ లేదని వేసే జరిమానాతో ఖాతా సున్నా కిందకి పోకూడదని రిజర్వు బ్యాంకు రూలు ఉంది. ముందుగా కస్టమర్‌కి చెప్పాలని కూడా ఉంది. మా కోచింగ్‌లో అది ఒక బిట్టు. తప్పు రాస్తే నెగటివ్ మార్కు."

"ఏ కోచింగ్ సెంటర్ మీది?" అన్నాడు మురళీకృష్ణ.

ఆయన ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఆ గదిలో అందరికీ తెలిసింది. అలేఖ్య ముఖం పాలిపోయింది. అయినా చెప్పింది, కోచింగ్ పేరూ తన పేరూ కూడా.

* * *

ఆ రోజు ఏమీ తేలకపోవడంతో బ్యాంకు ఎదుట ధర్నా చేద్దామంటే, పోలీసులు టెంటుకు పర్మిషన్ ఇవ్వలేదు. మైకుకు ఇవ్వలేదు. ఫుట్‌పాత్ మీద కూర్చుంటే ట్రాఫిక్‌కు అడ్డమన్నారు. కొత్తపేటలో యూనియన్ వాళ్ళ చిన్న గదిలో మీటింగు పెట్టుకుంటే, సగం మంది మెట్ల మీదే నిలబడాల్సి వచ్చింది. ఆ రోజు అలేఖ్య తన కోచింగ్ నుంచి పదిమందిని తీసుకొచ్చింది.

వాళ్ళలో ఒక అబ్బాయి లేచి నిజాయితీగానే అడిగాడు. "మా మీద కేసైతే ఉద్యోగం రాదక్కా. మా నాన్న రెండెకరాలు అమ్మి పంపించాడు. మేం ఎందుకు రావాలో చెప్పండి."

మహిపాల్ నోరు తెరవబోయాడు. అలేఖ్య ఆపింది. "మనం చదివేది ఆ కౌంటర్ వెనక కుర్చీ కోసమే కదా. ఆ కుర్చీలో కూర్చున్నాక మన ముందుకొచ్చిన మనిషికి ఏం చెబుతాం? సిస్టమ్ కట్ చేసింది, నెక్స్ట్ అంటామా? నాకూ భయమే. రేపు మా ఇంట్లో తెలిస్తే చంపేస్తారు. కానీ నా స్కాలర్‌షిప్‌లోంచి కోశారు, నీ దాంట్లోంచీ కోశారు. మనం నోరు మూసుకున్నాం. ఈవిడ నోరు తెరిచింది."

అబ్బాయి కూర్చున్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

"అరిస్తే కేసు, కూసుంటే కేసు. మరి ఏం జేద్దాం?" అన్నారెవరో.

నాగేశ్వరి మూలనుంచి విసుగ్గా అన్నది: "మా ఆయన చాయ్ డబ్బా నడిపినప్పుడు డబ్బెడు పది రూపాయల బిళ్ళలు జమైనయ్. ఈ హైదరాబాద్‌ల ఏ దుకాణపోడు తీస్కుంటడు? బ్యాంకోడైనా తీస్కుంటడా, గాడు గూడ తీస్కోడా?"

"తీసుకోవాలి. బ్యాంకు కాదనకూడదు" అన్నది అలేఖ్య.

యాదలక్ష్మి తలెత్తింది. "ఎంతమందిమి పోయినా తీస్కోవాల్నా?"

"ఎంతమంది అయినా."

"అయితే లైన్ల నిలబడదాం" అన్నది యాదలక్ష్మి. "అరవొద్దు, తిట్టొద్దు. తలా ఒక బిళ్ళ. ఖాతాల ఏస్కోమందాం, రసీదు ఇయ్యమందాం, ఎందుకు కోసిండ్రో రాసియ్యమందాం. రాసిచ్చేదాక ఎనకకు మళ్ళవద్దు. బ్యాంకు పెట్టిన లైనే గద, ఎట్ల కాదంటరు?"

అట్లా మొదలైంది ఆ లైను. మొదటి రోజు ఆసుపత్రి ఆడవాళ్ళే. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు పొద్దున్నే వచ్చేవాళ్ళు, పగటి డ్యూటీ వాళ్ళు మధ్యాహ్నం వచ్చి వాళ్ళను ఇళ్ళకు పంపేవాళ్ళు. రెండో రోజు ఉపేంద్ర దగ్గర పనిచేసే మాల్ ఊడ్చేవాళ్ళు కలిశారు. బక్కయ్య కోసం బాటసింగారం నుంచి హమాలీలు టోపీలతో సహా ఒక ట్రాలీ ఆటోలో వచ్చి దిగారు. కోచింగ్ పిల్లలు వచ్చారు, ఆ రెండెకరాల అబ్బాయి కూడా. లైను బ్యాంకు మెట్లు దిగి, చీరల షాపుల ముందు నుంచి, మెట్రో స్తంభాల వెంట చైతన్యపురి దాకా పాకింది. పుస్తకాల షాపాయన మంచినీళ్ళ డబ్బా పెట్టించాడు. తన ఖాతాలోంచీ ఏటా కోస్తున్నారని, ఇన్నాళ్ళు సిగ్గేసి ఎవరికీ చెప్పలేదని అన్నాడు.

ఎస్సై వచ్చాడు. "ఏం ధర్నా ఇది?"

"ధర్నా గాదు సారూ. లైను" అన్నది నాగేశ్వరి, బిళ్ళ చూపించి.

మూడో రోజుకు బ్యాంకు షట్టర్ సగం దించింది. సర్వర్ పనిచేయడం లేదని కాగితం అంటించింది. అదే రోజు ఉపేంద్ర పదకొండు మంది ఆడవాళ్ళను పనిలోంచి తీసేశాడు. ఆ పదకొండు మందిలో యాదలక్ష్మి ఉంది. మహిపాల్‌ను లిఫ్టు నుంచి తీసేశారు. సాయంత్రం ఇంటి ఓనరు కిరాయి సంగతి అడిగితే యాదలక్ష్మి తలుపేసుకుంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఆ రాత్రి పిల్లలకు అటుకులు పెట్టింది.

మర్నాడు మరో కబురు వచ్చింది. కౌసల్యమ్మకు బ్యాంకు కోసిందంతా తిరిగి ఇచ్చేసింది. మేనేజరే స్వయంగా దవాఖానకు యాపిల్ పండ్లు పట్టుకుని పోయి, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చాడు.

"అమ్ముడువోయింది ముసల్ది!" అన్నది నాగేశ్వరి. "ఆమె కోసం మనం రోడ్డున పడితిమి. ఆమె మాత్రం సప్పుడు జేయకుంట తీస్కునె."

యాదలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. దవాఖానకు బస్సెక్కింది. దారి పొడుగునా అనబోయే మాటలు కూడగట్టుకుంది. ఉద్యోగం పోయిన సంగతి, పిల్లలకు అటుకులు పెట్టిన సంగతి, అన్నీ ఆమె ముఖం మీద కక్కేయాలనుకుంది.

వార్డులో బక్కయ్యకు అప్పుడే ఆపరేషన్ అయింది. నోరు తెరుచుకుని మత్తులో పడి ఉన్నాడు. కాలు నిండా కట్టు. మంచం పక్కన నేల మీద కౌసల్యమ్మ కూర్చుని ఉంది. యాదలక్ష్మిని చూసి లేవబోయి, లేవలేక అట్లాగే ఉండిపోయింది.

"తిట్టు. తిట్టనీకే ఒచ్చినవ్ గద" అన్నది. "ఇంక రెండు దినాలు ఆగితే కాలు తీసేయాలన్నరు. నేనేం జేద్దు?"

యాదలక్ష్మి బక్కయ్య కాలివైపు చూసింది. పక్కన కూర్చుంది. "అన్నం తిన్నవా?" అన్నది.

కౌసల్యమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఏడ్చింది. యాదలక్ష్మి బయటికెళ్ళి ఇడ్లీ కట్టించుకొచ్చి పెట్టింది. "కాగితంల ఏం రాసిండ్రు అక్కా?" అని ఒక్క మాట అడిగింది.

"నాకేమెర్క. పైసలు ముట్టినట్టు రాసినం, ఏలు పెట్టు అన్నరు."

ఆ సాయంత్రం యాదలక్ష్మి లైన్లో అందరికీ వినిపించేలా చెప్పింది. "ఎవ్వలన్నా కౌసల్యక్కను ఒక్క మాటన్నా అంటే నేనూకోను. ఆమె ఏం అమ్ముకోలే. ఆమె పైసలు ఆమెకొచ్చినయ్, మనయి మనకు రాలే. గంతే తేడా. గా తేడా పెట్టినోడు బ్యాంకుల ఉన్నడు. ఆడ చూడుండ్రి."

నాగేశ్వరి ఏదో గొణిగింది. లైన్లోంచి మాత్రం పోలేదు.

* * *

కాగితంలో ఏం రాశారో తర్వాతి రోజు తెలిసింది. పొద్దున షట్టర్ ఎదుట జనం చేరుతుండగానే వ్యాన్ వచ్చి ఆగింది. యాదలక్ష్మిని, మహిపాల్‌ను ఎక్కించుకుని పోయింది. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు చదివి వినిపించాడు. మహిపాల్, యాదలక్ష్మి అనేవాళ్ళు తనను భయపెట్టి బ్యాంకు మీదికి ఉసిగొల్పారని, యూనియన్ పేరు చెప్పి తన దగ్గర బలవంతంగా డబ్బులు గుంజారని, ఇవ్వకపోతే పని పోగొడతామని బెదిరించారని, కౌసల్యమ్మ, భర్త పేరు బక్కయ్య, అందులో చెప్పినట్టు ఉంది. కింద ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

"ఒక్క సెక్షన్ కాదు. బెయిల్ కూడా తొందరగా రాదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

యాదలక్ష్మి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆ ముద్ర వైపే చూసింది. నిన్న తాను ఇడ్లీ పెట్టిన చేతిదే అది. తెలిసి పెట్టిందా, తెలియక పెట్టిందా? తెలియకనే అని మనసు చెప్తోంది. అయినా ముఖం పక్కకు తిప్పుకుంది. పక్కన మహిపాల్ మెల్లగా అన్నాడు: "ఆమె మీద కోపం తెచ్చుకోకు వదినె. గిదే వాళ్ళకు కావాల్సింది."

మధ్యాహ్నం దాటాక బయట గోల వినిపించింది. కానిస్టేబుల్ అడ్డం పడుతున్నా తోసుకుని కౌసల్యమ్మ లోపలికి వచ్చింది. వార్డులోంచి ఉన్న ఫళాన వచ్చినట్టుంది, కాళ్ళకు చెప్పులు లేవు. వెనక అలేఖ్య, నాగేశ్వరి. వాళ్ళ వెనక గేటు దాకా జనం.

కౌసల్యమ్మ బల్ల ముందు నిలబడి ఆ కాగితం చూపించమంది. ఇన్‌స్పెక్టర్ చూపించాడు. "ఇది నీ వేలిముద్రే కదా?"

"ఏలు నాదే సారూ. మాట నాది గాదు."

గదిలో రాసుకుంటున్న రైటరు తల ఎత్తాడు.

"చదివి వినిపియ్యలే. పైసలు ముట్టినట్టు అన్నరు. నా మొగడు నొప్పికి మొత్తుకుంటుంటే, డాక్టరు రాడ్డు తెమ్మని నిలబడితే, ఏలు పెట్టమన్నరు. పెట్టిన. ఇప్పుడు నా మాట రాస్కో. ఈళ్ళు నన్ను భయపెట్టలే. భయపెట్టింది ఎవలో నేను చెప్త, రాస్కో."

"అయితే తీసుకున్న డబ్బు బ్యాంకుకు తిరిగిచ్చేయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తప్పించుకోవడానికి.

"ఎందుకియ్యాలె? అది బ్యాంకు సొమ్మా? నేను దవాఖానల పాయఖానాలు కడిగిన సొమ్ము. నాది నాకిచ్చి, నా తోడబుట్టినసొంటిదాన్ని జైల్ల ఏస్తమంటిరి. ఇదేం బేరం సారూ?"

యాదలక్ష్మి లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. కౌసల్యమ్మ ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఎవరికో ఫోన్ చేశాడు. చాలాసేపు 'సర్, సర్' అన్నాడు. ఫోన్ పెట్టేసి కౌసల్యమ్మ మాట రాసుకోమని రైటరుకు చెప్పాడు. కాని కేసు తీసేయలేదు. డబ్బు గుంజిన సెక్షన్ తీసి, బ్యాంకు పనికి అడ్డుపడ్డారని, మేనేజర్‌ను బెదిరించారని మేనేజర్ దగ్గర కొత్త ఫిర్యాదు తెప్పించుకున్నాడు. అందులో అలేఖ్య పేరు కూడా చేర్చారు. ఆమెకు నోటీసు చేతిలో పెట్టారు. సాయంత్రానికి మిగతా ఇద్దరినీ మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి రిమాండుకు పంపారు.

వ్యాన్ కదలబోతుంటే ఆడవాళ్ళు దానికి అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. హమాలీలు బానెట్ మీద చేతులు పెట్టి నిలబడ్డారు. లాఠీలు లేచాయి. యాదలక్ష్మి జాలీలోంచి గట్టిగా అరిచింది.

"లేవుండ్రి! దారియ్యుండ్రి! నేను పోయేది పోత. ఈడ తన్నులు తిని ఇంట్ల పడుకుంటే రేపు లైన్ల ఎవలుంటరు? నాగేశ్వరీ, నా పిల్లలు పైలం!"

నాగేశ్వరి ముందు లేచింది. మిగతావాళ్ళను రెక్కపట్టి లేపింది.

* * *

మూడు రోజులకు అలేఖ్య జైలుకు ములాఖత్‌కు వచ్చింది. జాలీకి అటువైపు నిలబడి గబగబా చెప్పింది. పిల్లలు నాగేశ్వరి దగ్గరే ఉన్నారు, బడికి పోతున్నారు. బ్యాంకు పైవాళ్ళు వచ్చి మీటింగు పెట్టారు. కనీస నిల్వ జరిమానాలు అందరికీ తిరిగి వేశారు, కిస్తీ వెనక్కి పోయిన జరిమానాలు మాత్రం ఇచ్చేది లేదన్నారు. పనిలోంచి తీసిన పదకొండు మంది సంగతి తమకు సంబంధం లేదన్నారు. ఉపేంద్ర లిమిట్ మాత్రం పెంచారట. లైను ఇంకా ఉంది. ఇప్పుడు ముందు నిలబడేది కౌసల్యమ్మ.

"నీ పరీక్ష ఎప్పుడు బిడ్డా?" అన్నది యాదలక్ష్మి.

"ఆదివారం. రాస్తాను. కేసుందని ఉద్యోగం ఇవ్వకపోతే దాని మీదా కొట్లాడతాను." నవ్వబోయింది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాదలక్ష్మి జాలీలోంచి వేళ్ళు ఆమె చేతికి తగిలించింది.

బ్యారక్‌కు తిరిగి వస్తూ యాదలక్ష్మి లెక్క వేసుకుంది. ఇంత చేస్తే దక్కింది ఇంతేనా? పని లేదు. పిల్లలు పరాయి ఇంట్లో. వాడి లిమిట్ పెరిగింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

పక్కన చాప మీదున్న ఆడమనిషి చాలాసేపు ఆమెనే చూసింది. సరూర్‌నగర్ వైపు ఇళ్ళల్లో వంట చేసేదట. దొంగతనం కేసు పెట్టారు. "నీదేం కేసు?" అన్నది.

"బ్యాంకు కాడ లైన్ల నిలబడ్డం" అన్నది యాదలక్ష్మి.

ఆమె పరిహాసమనుకుంది. యాదలక్ష్మి ఇటు తిరిగి మొత్తం చెప్పింది. ఖాతా, కిస్తీ, జరిమానా, ఓడీ. చెప్తుంటే అవతల చాపల మీది ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. వంటామె మధ్యలో ఆపింది.

"వితంతు పెన్షన్ పడుతది నాకు. పడ్డ దినమే సగం మాయమైతుంటది. అడిగితే చార్జీలు అంటరు. గిదేనా గది?"

"నాది గూడ" అన్నది వెనక నుంచి ఇంకొక గొంతు. "నా బిడ్డ స్కాలర్‌షిప్పు."

యాదలక్ష్మి లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది.

"దగ్గరికి జరుగుండ్రి. ఏ బ్యాంకు? యాడుంటది? మొదటిసంది చెప్పుండ్రి" అన్నది.